నోటరీ ముద్ర చేతికి రావాలంటే ఎంత కట్టాలి?

కాలిఫోర్నియాలో నోటరీ పబ్లిక్ కావాలనుకునేవారు పరీక్షకూ దరఖాస్తుకూ కలిపి 40 డాలర్లు కడతారు. న్యూయార్క్‌లో పరీక్షకు 15 డాలర్లు, దరఖాస్తుకు 60 డాలర్లు. ఫ్లోరిడాలో 39, టెక్సాస్‌లో 21, మిచిగన్‌లో 10. మసాచుసెట్స్‌లో 60 డాలర్లు కడితే ఆ నియామకం ఏడేళ్లు చెల్లుతుంది. మిగతా చాలా రాష్ట్రాల్లో నాలుగేళ్లే. మన దేశానికి వస్తే లెక్కే వేరు. 1952 నాటి నోటరీల చట్టంలో ఫీజు మాట వచ్చేది 5వ సెక్షన్‌లో. అంటే నోటరీగా నియమితులైన తరువాత, రిజిస్టరులో పేరు ఎక్కించుకుని ప్రాక్టీసు సర్టిఫికెట్ తీసుకునే దశలో. ఆ మొత్తం కూడా పదేళ్లు కోర్టులో నిలబడిన వకీలుకు భారమయ్యేది కాదు.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి ఏది చవక, ఏది ఖరీదు అని తేల్చేస్తే అసలు సంగతి చేజారిపోతుంది. దరఖాస్తు ఫీజు తీసుకుని ప్రభుత్వం బదులుగా ఏం చేస్తోందన్నది చూడాలి. అభ్యర్థిని పరీక్షిస్తోందా? శిక్షణ ఇస్తోందా? రేపు ఆ నోటరీ తప్పు చేస్తే నష్టపోయినవాడికి దారి చూపిస్తోందా? ఫీజు పట్టికను ఇలా చదివితే నోటరీ వ్యవస్థ గట్టితనమూ బోలుతనమూ రెండూ బయటపడతాయి. మన దేశంలో ఫీజు తక్కువే, ప్రవేశం మాత్రం ఇరుకు. లోపలికి వెళ్లాక కాపలా పలచన. ఈ మూడింటినీ కలిపి చూడకుండా ఫీజు పెంచాలనో తగ్గించాలనో వాదించడం వృథా అని నా అభిప్రాయం.

నోటరీ చేసే పని చట్టం 8వ సెక్షన్‌లో పొడుగ్గా ఉంటుంది. దస్తావేజుల అమలును ధ్రువీకరించడం, ప్రమాణం చేయించి అఫిడవిట్ తీసుకోవడం, చెల్లని హుండీలనూ ప్రామిసరీ నోట్లనూ నోట్ చేసి ప్రొటెస్టు రాయడం, అనువాదాలు చేసి సరిచూడడం వగైరా. వీటన్నిటికీ మూలం ఒకటే. ఈ కాగితం మీద సంతకం చేసింది ఫలానా మనిషే, నా ఎదుటే చేశాడు, తెలిసి చేశాడు అని ప్రభుత్వం తరఫున ఒకరు పూచీ పడడం. కోర్టూ బ్యాంకూ పాస్‌పోర్టు ఆఫీసూ ఆ మాటను నమ్మి ముందుకు వెళతాయి. కాబట్టి ఆ మాట చెప్పే హక్కును ఎవరికి, ఏ షరతు మీద, ఎంత రుసుముకు ఇస్తున్నారన్నది నోటరీలకే కాదు, ఆ ముద్ర మీద ఆధారపడే ప్రతి మనిషికీ సంబంధించిన విషయం.

అమెరికాతో మొదలుపెడతాను. అక్కడ నోటరీల సంఖ్య నలభై లక్షలు దాటుతుంది. వకీలు కానక్కర్లేదు. బ్యాంకు గుమస్తా, ఇన్సూరెన్సు ఏజెంటు, తపాలా పార్సిళ్ల దుకాణం నడిపేవాడు, ఇంటి దగ్గర ఉండే గృహిణి, ఎవరైనా కావచ్చు. అక్కడ గుమ్మం వెడల్పు. ఆ వెడల్పుకు తగ్గ జాగ్రత్తలు ఒక్కో రాష్ట్రం ఒక్కో తీరులో పెట్టుకుంది.

అన్నిటికంటే పకడ్బందీగా చేసింది కాలిఫోర్నియా. మొదటిసారి దరఖాస్తు చేసేవారు ఆరు గంటల శిక్షణ పూర్తి చేయాలి, రాతపరీక్ష నెగ్గాలి, వేలిముద్రలిచ్చి నేరచరిత్ర తనిఖీ చేయించుకోవాలి. శిక్షణకు, వేలిముద్రలకు విడిగా డబ్బు కట్టాలి. నియామకం వచ్చాక 30 రోజుల్లోగా కౌంటీ క్లర్కు దగ్గర ప్రమాణం చేసి 15,000 డాలర్ల బాండు దాఖలు చేయాలి. గడువు దాటితే నియామకం చెల్లదు, మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. ఇవన్నీ కలుపుకుంటే 40 డాలర్ల ఫీజు మొత్తం ఖర్చులో చిన్న ముక్క.

ఈ బాండు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన వ్యవస్థలో లేనిది ఇదే. నోటరీ 15,000 డాలర్లు తెచ్చి ఎక్కడా డిపాజిట్ చేయనక్కర్లేదు. పూచీకత్తు కంపెనీకి స్వల్ప ప్రీమియం కడితే, నాలుగేళ్ల పాటు ఆ కంపెనీ పూచీగా నిలుస్తుంది. నోటరీ నిర్లక్ష్యం వల్లో మోసం వల్లో ఎవరికైనా నష్టం జరిగితే, బాండు పరిమితి మేరకు బాధితుడికి కంపెనీ చెల్లిస్తుంది. తరువాత ఆ సొమ్మును నోటరీ దగ్గర రాబట్టుకుంటుంది. అంటే బాండు కాపాడేది జనాన్ని. నోటరీ తనను తాను కాపాడుకోవాలంటే విడిగా బీమా కొనుక్కోవాలి. టెక్సాస్‌లో, మిచిగన్‌లో బాండు మొత్తం 10,000 డాలర్లు, ఫ్లోరిడాలో 7,500. న్యూయార్క్ బాండే అడగదు, పరీక్షతో సరిపెట్టుకుంటుంది. మిచిగన్ బాండు అడుగుతుంది, పరీక్ష పెట్టదు. ఫ్లోరిడా కొత్తవారికి మూడు గంటల పాఠం చెబుతుంది. టెక్సాస్ చాలాకాలం పాఠం కూడా లేకుండానే నడిపి, 2025లో చట్టం సవరించి శిక్షణను తప్పనిసరి చేసింది. కొద్దిపాటి రుసుముకు ముద్ర చేతికిచ్చి పంపడం సరిపోదని ఇన్నేళ్లకు ఒప్పుకున్నట్టే కదా!

ప్రవేశ రుసుమును నోటరీ సంపాదనతో కలిపి చూడాలి. కాలిఫోర్నియాలో ఒక్కో సంతకానికి నోటరీ గరిష్ఠంగా 15 డాలర్లు తీసుకోవచ్చు. మూడు సంతకాలకు 40 డాలర్ల ఫీజు తిరిగి వచ్చేస్తుంది. శిక్షణ, వేలిముద్రలు, బాండు ఖర్చు రావాలంటే ఇంకొంత పని చేయాలి. న్యూయార్క్‌లో మామూలు నోటరీ పనికి చట్టం అనుమతించేది రెండు డాలర్లు. పరీక్షకూ దరఖాస్తుకూ కట్టిన 75 డాలర్లు రాబట్టుకోవడానికే 38 సంతకాలు కావాలి. అందుకే అక్కడ నోటరీ పనినే నమ్ముకుని బతికేవారు అరుదు. వకీలు ఆఫీసులోనో బ్యాంకులోనో ఉద్యోగం చేస్తూ పక్కన ఇది పెట్టుకుంటారు. తెర మీద మనిషిని చూస్తూ చేసే ఎలక్ట్రానిక్ నోటరీకి అదే రాష్ట్రం 25 డాలర్లు అనుమతించింది. లోపలికి రావడానికి కట్టేది, లోపల తీసుకోగలిగేది ఒకదానికొకటి పొసగకపోతే ఆ ఒత్తిడి ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. మన దగ్గర అది ఎలా బయటపడిందో ముందు ముందు చూద్దాం.

లూసియానాది వేరే దారి. ఫ్రెంచి, స్పానిష్ న్యాయ సంప్రదాయం మిగిలిన రాష్ట్రం కనుక అక్కడి నోటరీ వీలునామాలు, అమ్మకం దస్తావేజులు తానే రాయగలడు. నియామకం జీవితకాలం చెల్లుతుంది. వకీలు కానివాడు దాన్ని సాధించాలంటే నెగ్గాల్సిన పరీక్ష చాలా కఠినమైనది, ఎక్కువమంది తప్పుతారు. అక్కడ ఫీజు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, చదువు గురించి మాట్లాడతారు. అలా ఉండడమే సరి అనిపిస్తుంది నాకు.

గుమ్మం దగ్గర డబ్బు కాకుండా వేరే అడ్డంకులు పెట్టిన చరిత్ర కూడా అమెరికాకు ఉంది. మేరీలాండ్‌లో నోటరీగా నియమితుడైన రాయ్ టోర్కాసో, దేవుడున్నాడని నమ్ముతున్నట్టు ప్రకటించడానికి ఒప్పుకోకపోతే నియామకం ఆపేశారు. 1961లో అమెరికా సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టేసింది. టెక్సాస్‌లో అమెరికా పౌరులే నోటరీ కావాలన్న నిబంధన ఉండేది. మెక్సికోలో పుట్టి, శాశ్వత నివాస హక్కుతో అక్కడే ఉంటూ న్యాయ సహాయ సంస్థలో పనిచేస్తున్న ఎఫ్రాయిన్ బెర్నాల్ దాన్ని సవాలు చేశాడు. 1984లో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది. నోటరీ చేసే పని గుమస్తా స్వభావం గలదే గాని రాజ్యపాలనలో భాగం కాదని, దానికి పౌరసత్వం అడగడం సమాన రక్షణకు విరుద్ధమని తేల్చింది. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో గ్రీన్ కార్డు మీద ఉంటున్న తెలుగువాళ్లు నోటరీకి దరఖాస్తు పెట్టుకోగలుగుతున్నారంటే ఆ తీర్పు చలవే.

ఇంగ్లండు, ఫ్రాన్సులలో ప్రవేశ ఖర్చు ఫీజు పట్టికలో కనపడదు. ఇంగ్లండులో నోటరీలను నియమించే అధికారం ఇప్పటికీ కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఫ్యాకల్టీ ఆఫీసుదే. 1533 నాటి చట్టం నుంచి వస్తున్న అధికారం అది. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో రెండేళ్ల కోర్సు చదవాలి, ఖర్చంతా అక్కడే. దేశం మొత్తానికి నోటరీలు వెయ్యిమంది కూడా లేరు. ఫ్రాన్సులో నోటరీ అంటే ఆస్తి బదలాయింపుల మీద గుత్తాధికారం ఉన్న ప్రభుత్వ అధికారి. 1816 చట్టం ప్రకారం పదవి దిగిపోయేవారు తమ వారసుణ్ణి తామే ప్రతిపాదించేవారు, కొత్తవారు ఆ కార్యాలయాన్ని వారి దగ్గర కొనుక్కునేవారు. 2015లో మాక్రాన్ ఆర్థికమంత్రిగా ఉండగా తెచ్చిన చట్టం, కొత్త కార్యాలయాలు తెరిచే వీలు కల్పించి ఆ తలుపును కొంత తెరిచింది.

ఇంగ్లండు మాట మనకు అక్కరలేనిది కాదు. స్వాతంత్ర్యానికి ముందు మన దేశంలో పూర్తి అధికారాలున్న నోటరీలను నియమించింది ఆ ఆర్చిబిషప్ ఆఫీసులోని మాస్టర్ ఆఫ్ ఫ్యాకల్టీసే. మద్రాసులోనో కలకత్తాలోనో ముద్ర వేయాలంటే అధికారం లండన్ నుంచి రావాలి. ఇక్కడి ప్రభుత్వానికి ఉన్నది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద, హుండీలూ ప్రామిసరీ నోట్ల వరకే పనికొచ్చే పరిమిత నియామకాధికారం. ఇప్పుడు 138 అనగానే మన వకీళ్లకు చెక్ బౌన్సు కేసే గుర్తొస్తుంది గాని, ఒకప్పుడు ఆ స్థానంలో ఉన్నది నోటరీల నియామకం. స్వతంత్ర దేశంలో పనిచేసే నోటరీ తన అధికారాన్ని ఇంగ్లండులోని సంస్థ నుంచి పొందడం తగదన్న ఆలోచనతోనే 1952లో మన చట్టం వచ్చింది. 1956 ఫిబ్రవరి 14న అమల్లోకి వచ్చింది, నియమాలు కూడా ఆ ఏడాదే వచ్చాయి.

ఆ నియమాల్లోని ప్రవేశ మార్గం చూడండి. అభ్యర్థి కనీసం పదేళ్లు ప్రాక్టీసు చేసిన న్యాయవాది అయి ఉండాలి. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతుల వారికీ మహిళలకూ ఏడేళ్లు చాలు. న్యాయసేవల్లో పనిచేసినవారికి వేరే దారి ఉంది. వకీలు దరఖాస్తు జిల్లా జడ్జి ద్వారానో, తాను ప్రాక్టీసు చేసే కోర్టు అధికారి ద్వారానో వెళ్లాలి. దాని మీద ఒక మెజిస్ట్రేటు, జాతీయ బ్యాంకు మేనేజరు, ఒక వ్యాపారి, ఆ ప్రాంతపు పెద్దమనుషులిద్దరు సంతకాలు చేయాలి. తరువాత అభ్యంతరాల పరిశీలన, ఇంటర్వ్యూ. అన్నీ దాటినా రాష్ట్రానికి ఇంతమందికి మించరాదని నియమాల షెడ్యూలులో గరిష్ఠ సంఖ్య ఉంటుంది. కేంద్రం నియమించే నోటరీలకో పరిమితి, రాష్ట్రం నియమించే వారికో పరిమితి. ఖాళీ లేకపోతే అర్హత ఎంత ఉన్నా నిరీక్షణే.

అందుకే మన దేశంలో నోటరీ అసలు ప్రవేశ రుసుము ఆ నిరీక్షణేనంటాను. రసీదు లేని రుసుము అది. తాలూకా కోర్టులో ప్రాక్టీసు చేసే మహిళా న్యాయవాది ఏడేళ్లు నిండగానే దరఖాస్తు పెడితే, దాని మీద నిర్ణయం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. నియమం ప్రకారం కట్టాల్సినది స్వల్పమే అయినా, ఐదుగురి సంతకాల కోసం తిరిగిన రోజులు, దరఖాస్తు ఏ బల్ల మీద ఉందో కనుక్కోవడానికి రాజధానికి వెళ్లిన ఖర్చులు, ఈలోగా వదులుకున్న పని, ఇవేవీ ఫీజు పట్టికలోకి ఎక్కవు. అమెరికా అభ్యర్థి ముందే డబ్బు కడతాడు, ఫలితం కొద్ది వారాల్లోనో నెలల్లోనో తెలుస్తుంది. మనవాడు ముందు పెద్దగా కట్టడు, ఎదురుచూస్తాడు. ఫీజు లేని దరఖాస్తుకు గడువు కూడా లేకపోవడం పేదవాడికి మేలు చేసే ఏర్పాటు అనుకుంటే పొరపాటు. ఎదురుచూడగల స్తోమత ఉన్నవాడికే అది అనుకూలం.

ఇక లోపలి సంగతి. అఫిడవిట్‌కు ఇంత, ధ్రువీకరణకు ఇంత, నకలుకు పేజీకి ఇంత అని నియమాల్లో రేట్లున్నాయి. ఎక్కువవి పదుల రూపాయల్లో ఉండేవే. ఆ పట్టికను నోటరీ తన ఆఫీసు లోపలా బయటా కనిపించేలా పెట్టాలన్నది నిబంధన. మీ ఊరి కోర్టు ఆవరణలోనో తహసీల్దారు ఆఫీసు ఎదుటో ఉన్న బల్లల దగ్గర ఆ పట్టిక చూశారా? చాలాచోట్ల కనిపించదు. అడిగిందే రేటు. నోటరీని మాత్రమే నిందించి ఊరుకుంటే సరిపోదు. పదేళ్ల అనుభవమున్న వకీలు మనిషిని నిలబెట్టి, గుర్తింపు కార్డు చూసి, కాగితం చదివించి, ప్రమాణం చేయించి, రిజిస్టరులో రాసి, రసీదిచ్చి, ఇవన్నీ పదుల రూపాయలకు చేయాలని నియమం రాసినవారు అడగడం న్యాయం కాదు. ఆ రేటుకు పని గిట్టుబాటు కావాలంటే రెండే దారులు. ఎక్కువ వసూలు చేయడం, లేదా చూడకుండా గుత్తగా ముద్రలు కొట్టడం. రెండూ జరుగుతున్నాయి. ముందే సంతకం చేసి ముద్ర వేసి పెట్టిన స్టాంపు కాగితాలు దస్తావేజు లేఖరి సొరుగులో ఉండే చోట్లు కూడా ఉన్నాయంటే, కక్షిదారు నోటరీ ముఖం చూడకుండానే ప్రమాణం చేసినట్టయింది. చట్టం కోరుకున్న పూచీ అక్కడే చచ్చిపోయింది.

కాపలా కాగితం మీద గట్టిగానే ఉంది. నోటరీ తన రిజిస్టరు నిర్వహించాలి. ఏటా జనవరి మొదటి వారంలో గత సంవత్సరం చేసిన పనుల లెక్క ప్రభుత్వానికి పంపాలి. జిల్లా జడ్జి గాని, నియమిత అధికారి గాని ఏడాదికి రెండుసార్లకు మించకుండా రిజిస్టరు తనిఖీ చేయడానికి వీలివ్వాలి. పెండింగు కేసులతో సతమతమయ్యే జిల్లా న్యాయవ్యవస్థకు ఈ తనిఖీలకు తీరిక ఎక్కడిది? ఆ తనిఖీకి ప్రత్యేకించిన నిధి లేదు, సిబ్బంది లేరు. నోటరీల దగ్గర తీసుకునే ఫీజు ఖజానాలో కలిసిపోతుంది.

పైగా 13వ సెక్షన్ ఉంది. నోటరీగా చేసిన పనిలో నేరం జరిగిందని ఆరోపించినా, ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు దాన్ని విచారణకు తీసుకోకూడదు. నిజాయితీగా పనిచేసే నోటరీని వేధింపుల నుంచి కాపాడడానికి ఈ రక్షణ అవసరమే. కాని ఇంతటి రక్షణ ఇచ్చినప్పుడు ప్రవేశం దగ్గర పరీక్ష, పని మీద తనిఖీ, నష్టానికి పూచీ, వీటిలో కనీసం ఒక్కటైనా బలంగా ఉండాలి. మన దగ్గర మూడూ బలహీనమే. పదేళ్ల ప్రాక్టీసు అనుభవానికి గుర్తే గాని, నోటరీ పని తెలుసనడానికి రుజువు కాదు.

దీని ఫలితం తెలుగు రాష్ట్రాల్లో ఎలా ఉందో చెప్పడానికి ఇళ్ల స్థలాల నోటరీ కాగితాలు చాలు. హైదరాబాదు బస్తీల్లో, ఇతర పట్టణాల శివార్లలో వేలాది కుటుంబాలు నోటరీ చేసిన కాగితం మీదే ఇళ్లు కొన్నాయి. వంద రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి హక్కు బదిలీకి 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), అగ్రిమెంటు కాగితాలతో యాజమాన్యం రాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఎర్ర ముద్ర చూసి అది పట్టాతో సమానమనుకున్న కూలీ కుటుంబానికి ఈ తేడా చెప్పాల్సిన మొదటి మనిషి ఆ నోటరీయే. చెప్పినవారు ఉన్నారు, చెప్పనివారు ఎక్కువ. చివరికి 2023లో తెలంగాణ ప్రభుత్వం ఇలాంటి పట్టణ ఆస్తుల క్రమబద్ధీకరణ కోసం జీవో 84 తేవలసి వచ్చింది. పదుల రూపాయల రేటు, తనిఖీ లేని ముద్ర కలిసి చేసిన నష్టాన్ని ప్రభుత్వం తరువాత ఇంత పెద్ద ఎత్తున సరిదిద్దాల్సి వచ్చింది. పెళ్లి, విడాకుల పత్రాలు కూడా నోటరీల దగ్గర తయారవుతుంటే, ఆ అధికారం మీకు లేదని 2024లో కేంద్ర న్యాయ వ్యవహారాల శాఖ నోటరీలకు గుర్తుచేయాల్సి వచ్చింది.

విదేశాల్లోని తెలుగువారికి ఇదే వ్యవహారం రెండు వైపులా తగులుతుంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉండే ఇంజనీరు గుంటూరు జిల్లాలోని పొలం అమ్మడానికి తమ్ముడికి జీపీఏ ఇవ్వాలనుకుంటే, భారత కాన్సులేటుకు వెళ్లవచ్చు, లేదా అక్కడి నోటరీ ముందు సంతకం చేయవచ్చు. నోటరీ ధ్రువీకరించిన జీపీఏ సక్రమంగా అమలైందని కోర్టు భావించాలన్న నియమం పాత సాక్ష్య చట్టం 85వ సెక్షన్‌లో ఉండేది, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. ఆ కాగితం ఇండియా చేరాక మూడు నెలల్లోగా స్టాంపు వేయించుకోవాలి. కాలిఫోర్నియా నోటరీ 15 డాలర్లే తీసుకున్నా, జీపీఏ కాబట్టి తన జర్నల్లో సంతకం చేసినవారి బొటనవేలి ముద్ర తప్పక తీసుకుంటాడు. రేపు గుంటూరు కోర్టులో ఆ సంతకం నాది కాదని ఎవరైనా అంటే ఆ వేలిముద్ర సాక్ష్యంగా నిలుస్తుంది. అదే జీపీఏను మన ఊళ్లో నోటరీ చేయిస్తే వేలిముద్ర మాట అటుంచి, రిజిస్టరులో నమోదైందో లేదో కూడా చాలామంది చూడరు. 40 డాలర్ల ఫీజు, ఆరు గంటల పాఠం, ఒక బాండు కలిసి అక్కడ ఇచ్చే భద్రత, పదేళ్ల ప్రాక్టీసు అడిగి కూడా మనం ఇక్కడ ఇవ్వలేకపోతున్నాం.

2021 చివర్లో కేంద్రం ఒక సవరణ ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. మొదటి ఐదేళ్లు, ఆ పైన రెండు రెన్యువళ్లు, మొత్తం 15 ఏళ్లకు మించి ఎవరూ నోటరీగా కొనసాగరాదన్నది అందులోని ముఖ్యాంశం. యువ న్యాయవాదులకు అవకాశం రావాలన్నది ఉద్దేశం. గుమ్మం ఇరుకని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది కనుక ఆ ప్రతిపాదన ఉద్దేశం నాకు నచ్చింది. పద్ధతి నచ్చలేదు. ఇరవై ఏళ్లుగా నిఖార్సుగా పనిచేస్తున్న నోటరీని కాలం చూసి పంపేసి, చూడకుండా ముద్రలు కొట్టేవాడిని 15 ఏళ్లు ఉండనివ్వడం ఎందుకు? రెన్యువల్ సమయంలో రిజిస్టరు తనిఖీ నివేదికను అడిగితే, ఖాళీలు వాటంతట అవే వస్తాయి. జనాభాను, కోర్టుల సంఖ్యను బట్టి గరిష్ఠ పరిమితిని పెంచితే మిగతా ఇబ్బందీ తీరుతుంది.

మరి ఫీజు ఎంత ఉండాలి? నా మాట సూటిగా చెబుతాను. దరఖాస్తు దశలో చిన్న రుసుము పెట్టవచ్చు, కాని అది పరీక్షకూ పరిశీలనకూ అయ్యే ఖర్చుకే పరిమితం కావాలి. ఫలానా నెలల్లోగా నిర్ణయం చెప్పకపోతే ఆ సొమ్ము తిరిగి ఇవ్వాలి. షెడ్యూల్డు కులాలు, తెగల అభ్యర్థులకూ, నోటరీయే లేని మండలాల్లో ప్రాక్టీసు చేస్తామని రాసిచ్చేవారికీ దాన్ని మాఫీ చేయాలి. ప్రాక్టీసు సర్టిఫికెట్ ఫీజును మాత్రం పెంచాలి. ఐదేళ్ల సంపాదనకు తగ్గట్టు పెంచి, ఆ సొమ్మును శిక్షణకూ ఏటా రెండు తనిఖీలకూ మాత్రమే వాడాలి. సేవల రేట్లను నిజమైన పనికి సరిపోయేలా సవరించాలి. పేదల అఫిడవిట్లకు, విద్యార్థుల ధ్రువపత్రాలకు తక్కువ రేటు విడిగా ఉంచవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, నష్టపోయినవారికి పరిహారం అందేలా ప్రతి నోటరీకి పూచీ బీమా తప్పనిసరి కావాలి. ప్రభుత్వరంగ బీమా కంపెనీలు వేలమంది నోటరీలకు ఉమ్మడిగా ఇచ్చే పాలసీ ప్రీమియం ఒక్కొక్కరికి పెద్ద భారం కాదు.

ఈ ఖర్చంతా చివరికి జనం నెత్తినే పడుతుందని అభ్యంతరం రావచ్చు. ఇప్పుడు జనం కడుతున్నది తక్కువేమీ కాదు. నియమం చెప్పిన రేటుకు అనేక రెట్లు కడుతూ, ఆ డబ్బుకు తగిన పరిశీలన పొందడం లేదు. పట్టిక మీద రాసి ఉన్న రేటుకు రసీదు తీసుకుని కట్టడం, అడిగినంత ఇచ్చి ఊరుకోవడం కంటే ఎప్పుడూ చవకే.

కేంద్ర నోటరీల దరఖాస్తులను ఆన్‌లైన్‌లో తీసుకునే పోర్టల్ 2024లో మొదలైంది. కాగితం ఏ బల్ల మీద ఉందో వెతుక్కునే బాధ దాని వల్ల తగ్గితే మంచిదే. రాష్ట్ర నోటరీలకు కూడా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ న్యాయశాఖలు అదే పని చేయాలి. ఏ జిల్లాలో ఎన్ని నోటరీ ఖాళీలున్నాయో, దరఖాస్తు ఎన్ని రోజుల్లో తేలుతుందో, ఎంత ఫీజు ఏ దశలో కట్టాలో తెలుగులో అందరికీ కనిపించేలా పెట్టాలి. ముద్ర మీది రిజిస్ట్రేషన్ నంబరు కొట్టగానే ఆ నోటరీ సర్టిఫికెట్ ఎప్పటిదాకా చెల్లుతుందో తెలిసేలా చేయడం పెద్ద సాంకేతిక పనేమీ కాదు. న్యాయవాద సంఘాలు కూడా నోటరీ కోటా గురించి అడిగినంత గట్టిగా శిక్షణ గురించీ బీమా గురించీ అడగాలి.

పాఠకులకు ఒక మాట. ఈసారి అఫిడవిట్ మీదో అగ్రిమెంటు మీదో నోటరీ చేయించేటప్పుడు నోటరీ ఎదుటే సంతకం చేయండి, రేట్ల పట్టిక ఎక్కడుందో అడగండి, రిజిస్టరులో నమోదు చేయించి రసీదు తీసుకోండి.